మెడ ముందు, మిగతావి తర్వాత: ముదురుతున్న టూరెట్ సిండ్రోమ్, ఒక కేస్ స్టడీ

పదిహేనేళ్ల అబ్బాయి. బల్లార్‌పూర్ దగ్గర బొగ్గు గని కాలనీలో ఉంటారు. తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ. తొమ్మిదో తరగతి దీపావళి నుంచి మెడ విదిలింపు పెరుగుతూ వచ్చింది. తర్వాత గొంతులోంచి "హప్" అని పెద్ద అరుపు మొదలైంది. పదో తరగతిలో చేరిన కొత్తలో, వానలు పడుతున్న రోజుల్లో చాందా (చంద్రపూర్)లోని నా దగ్గరికి తెచ్చారు. కుటుంబం ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు మార్చి ఇది రాస్తున్నాను.

తల్లి కుర్చీలో కూర్చోకముందే అడిగేసింది. "యాత్రకు పోతె దేవుడచ్చిండంటరు. దవఖానల ఫిట్సంటరు. బడిల సార్లు బద్మాషంటరు. నేనేమనుకోవాలె సార్?"

ఆ మూడు మాటల వెనకా మూడు సంఘటనలున్నాయి. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి యాత్రకు నాందేడ్ వైపు నుంచీ తెలంగాణ నుంచీ జనం వస్తారు. డప్పుల మధ్య పూనకాలు వస్తూనే ఉంటాయి. ఆ గుంపులో ఈ అబ్బాయి మెడ విదిల్చి అరిచేసరికి ఎవరో నుదుట పసుపు పెట్టి కాళ్లు మొక్కారట. "అక్కడ ఒక్కదగ్గరనే నన్ను ఎవ్వరు నవ్వలే సార్" అన్నాడు అబ్బాయి. నేను దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేదు. తిట్లు తినీ తినీ ఉన్న పిల్లవాడికి ఆ పూట దక్కిన మర్యాద చిన్నది కాదు. అయితే యాత్ర డప్పుల్లో, ఎండలో, నిద్ర లేకుండా గడిపాక, తనంతట వచ్చే ఈ విదిలింపులూ అరుపులూ, అంటే టిక్‌లు మరింత ముదిరాయన్నదీ తల్లే చెప్పింది.

ఆరో ఏట నుంచి

మొదట కళ్లు చికిలించడం. కంటి డాక్టర్ చుక్కల మందు ఇచ్చారు, కొన్నాళ్లకు తగ్గింది. ఏడాది తర్వాత ముక్కు ఎగపీల్చడం, గొంతు సవరించుకోవడం. ఎలర్జీ అని సిరప్‌లు తాగించారు, అవీ పనిచేసినట్టే కనిపించాయి. పదో ఏట తల అడ్డంగా ఊపడం, భుజం ఎగరేయడం. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష)లో ఏదో "స్వల్ప తేడా" ఉందని మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్ రాశారు. అదీ మొదట్లో పనిచేసినట్టే అనిపించింది, అందుకే రెండేళ్లు మింగాడు. పదమూడో ఏడు దాదాపు ప్రశాంతంగా గడిచింది. ఆ ప్రశాంతతకు కారణం ఇంటి వెనక హనుమాన్ గుడిలో కట్టించిన తాయెత్తు అని నానమ్మ నమ్మకం.

టూరెట్ తీరు తెలియకపోతే ఈ చరిత్ర ప్రతిసారీ మోసం చేస్తుంది. టిక్‌లు వారాల తరబడి, నెలల తరబడి ఎగసి, తర్వాత వాటంతటవే దిగుతాయి. ఒకటి పోయి మరొకటి వస్తుంది. మనుషులు డాక్టర్ దగ్గరికో గుడికో పరిగెత్తేది అవి బాగా ఎగసినప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా చేయకపోయినా చాలావరకు దిగుతాయి. ఆ దిగడాన్ని చుక్కల మందూ సిరప్పూ తాయెత్తూ తమ ఖాతాలో వేసుకుంటాయి. నా మందు కూడా అలాగే వేసుకోగలదు. అందుకే మొదటి రోజే తల్లికి ఒక నోట్‌బుక్ పెట్టమన్నాను. వారానికి ఒక పేజీ. ఏ టిక్ ఎక్కువ, నిద్ర ఎలా ఉంది, బడిలో ఏం జరిగింది, మందులో మార్పు ఏమైనా ఉందా అన్నది రాయాలి. రోజూ లెక్కపెట్టొద్దని మరీ మరీ చెప్పాను. పిల్లవాణ్ని గమనిస్తూ కూర్చుంటే ఆ చూపుకే టిక్‌లు పెరుగుతాయి.

ఇది టూరెట్ అని ఎలా అనుకున్నాను

పద్దెనిమిదేళ్లలోపు మొదలై, శరీర కదలికల టిక్‌లు ఒకటికి మించి, గొంతు టిక్ కనీసం ఒకటి ఉండి, మొదలై ఏడాది దాటితే, వేరే జబ్బో మందో కారణం కాకపోతే అది టూరెట్. ఈ రెండు రకాలూ ఒకే కాలంలో ఉండాలన్న నియమం కూడా లేదు. చాలామందిలో నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య మొదలై, పది, పన్నెండేళ్లకు బాగా ముదిరి, యౌవనంలో తగ్గుముఖం పడుతుంది. ఈ అబ్బాయికి పదిహేనులో ఇంకా పెరుగుతూ ఉంది కాబట్టి ఇంకేమైనా ఉందేమో వెతకాల్సి వచ్చింది.

మూర్ఛ కాదనడానికి అతని మాటే పెద్ద ఆధారం. విదిలింపుకు ముందు ఏమనిపిస్తుందని అడిగాను. "మెడ లోపల బొక్క సరిగ్గ కూసోనట్టు అనిపిస్తది సార్. గుంజితె కూసుంటది. మల్ల లేస్తది." బొక్క అంటే ఎముక. టిక్‌కు ముందు వచ్చే తహతహను ఇంత తేటగా చెప్పిన పిల్లలు తక్కువ. కాసేపు ఆపి చూడమన్నాను. బల్ల అంచు పట్టుకుని, పళ్లు బిగించి, నుదుట చెమట పట్టేదాకా ఆపాడు. ఆ తర్వాత వరసగా నాలుగైదు విదిలింపులు. ఇలా కాసేపు ఆపగలగడం, ఆపితే లోపల ఇబ్బంది పెరగడం టిక్‌కు గుర్తు. మూర్ఛలో ఇది ఉండదు. ఈఈజీలో చిన్న తేడాలు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ కనిపిస్తాయి. ఆ ఒక్క కాగితం చూసి మూర్ఛ మందు మొదలుపెట్టడం మన దగ్గర తరచూ జరిగే పని.

గొంతు నొప్పి, కీళ్ల వాపుల తర్వాత వచ్చే సిడెన్‌హామ్ కొరియాలో కదలికలు ఒకదానిలోంచి ఒకటి ప్రవహిస్తాయి, ఆపుకోలేరు. ఆ జబ్బు గుండెనూ తాకవచ్చు, ఈ అబ్బాయికి గుండె పరీక్షలో ఏమీ లేదు. ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ వ్యాధి ఉందేమోనని కంటిలో రాగి వలయం కోసం చూపించి, సెరులోప్లాస్మిన్ అనే రక్తపరీక్ష చేయించాను, రెండూ మామూలే. అక్క ఫోన్లో రీల్స్ చూపించి "వీళ్లను చూసి నేర్చుకున్నడా సార్?" అని అడిగింది. 2020 తర్వాత టిక్‌లను పోలిన కదలికలు హఠాత్తుగా మొదలైన టీనేజర్లను చాలా దేశాల్లో చూశారు, ఎక్కువమంది ఆడపిల్లలు. రోజుల్లోనే ఉధృతంగా మొదలవడం అక్కడి గుర్తు. ఇక్కడ ఆరో ఏట కళ్ల చికిలింపుతో నెమ్మదిగా మొదలైంది. ఆ అనుమానం అక్కడే వదిలేశాం.

మాట్లాడుతున్నంతసేపూ తండ్రి ఎడమ భుజం ఎగురుతోంది. మధ్యమధ్యలో ముక్కు ఎగపీలుస్తున్నాడు. అడిగితే "గది నా అలవాటు సార్, చిన్నప్పటి సంది" అన్నాడు. టూరెట్ కుటుంబాల్లో నడుస్తుంది. ఒక్క జన్యువు కాదు, చాలా జన్యువుల చిన్న చిన్న వాటాలు. ఆ మాట చెప్పగానే తండ్రి ముఖం వాడిపోయింది. తన వల్లే వచ్చిందనుకున్నాడు. ఆ భుజంతోనే ముప్పై ఏళ్లు గనిలో పనిచేశారు కదా అన్నాను. అప్పుడే మొదటిసారి కొడుకు తండ్రి భుజం వైపు తేరిపార చూశాడు.

"ఇది కొత్త రోగమా" అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. పారిస్‌లో జిల్ ద లా టూరెట్ అనే వైద్యుడు తొమ్మిదిమంది రోగుల గురించి 1885లోనే రాశాడు. వాళ్లలో ఒకరైన ఒక దొరసాని గురించి ఇటార్ అనే మరో వైద్యుడు 1825లోనే రాసిపెట్టాడు. బూతులు వచ్చే జబ్బుగా దీనికి పేరు పడింది గానీ బూతు మాటలు వచ్చేది పదిమందిలో ఒకరికో, అంతకు కాస్త ఎక్కువకో. ఈ అబ్బాయికి అవి లేవు.

ఎందుకు ముదిరింది

మూడు కారణాలు కనిపించాయి. నోట్‌బుక్ రెండు నెలలు నడిచాక గానీ వాటి వరుస అర్థం కాలేదు.

మొదటిది మందు. వేసవిలో ఒకచోట హాలోపెరిడాల్ అనే మానసిక రోగాల మందు మొదటి రోజు నుంచే 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. టిక్‌లకు మేం మొదలుపెట్టేది పావు, అర మిల్లీగ్రాము దగ్గర. మూడో రోజుకు కళ్లు పైకి తిరిగిపోయి, దవడ బిగిసి, మెడ ఒక పక్కకు వంగిపోయింది. ఇంజెక్షన్‌తో సర్దుకుంది. భయపడి ఆ రోజే మందు మానేశారు. తర్వాత వారాల్లో టిక్‌లు అంతకుముందు లేనంతగా విరుచుకుపడ్డాయి. ఈ రకం మందులు ఒక్కసారిగా ఆపినప్పుడు ఇలా జరగడం తెలిసిన విషయమే. ఈ అనుభవం తర్వాత ఆ ఇంట్లో "మెదడు మందు" అన్న మాటకే తల్లి చేయి అడ్డం పెట్టేది.

రెండోది రాత. ఇది ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. నోట్సు తెమ్మంటే చూశాను. మరాఠీ అక్షరాల నెత్తిన గీసే అడ్డగీతలు నాలుగైదుసార్లు దిద్దినట్టు మందంగా ఉన్నాయి. కొన్నిచోట్ల కాగితం చిరిగింది. గీత "సరిగ్గ కూసునేదాక" గీస్తాడట. గుమ్మం దాటేటప్పుడు రెండు వైపులా సమంగా ముట్టుకోవాలి. ఇలా సరిపోయిందనిపించేదాకా ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు ఓసీడీ. అది టూరెట్‌తో జంటగా వస్తుంది, దాంతో పాటు ఏడీహెచ్‌డీ (నిలకడ, శ్రద్ధ లోపం) కూడా తరచూ ఉంటుంది. చాలామంది పిల్లలకు టిక్‌ల కంటే వీటితోనే బతుకు కష్టమవుతుంది. పదో తరగతి రాత పెరిగేకొద్దీ గీతలు దిద్దడమూ పెరిగింది, పడుకునేసరికి రాత్రి ఒంటిగంట దాటుతోంది, నిద్ర లేక టిక్‌లు ఎగుస్తున్నాయి.

మూడోది బడి. అరిచినప్పుడల్లా బయట నిలబెట్టేవారు. ఆపుకోమని అందరి ముందూ చెప్పేవారు.

చేతుల్లో తిమ్మిరి

అడుగుతూ పోతే ఇంకో సంగతి బయటపడింది. తల గట్టిగా ముందుకు వంచినప్పుడు వెన్ను వెంట కరెంటు కొట్టినట్టు ఉంటోంది, రెండు అరచేతుల్లో తిమ్మిరి వస్తోంది. మోకాలి రిఫ్లెక్స్‌లు కాస్త చురుగ్గా ఉన్నాయి. నడకలో తేడా లేదు.

ఈ కేసులో నేను అన్నీ పక్కన పెట్టి దీని మీదే పడ్డాను. మెడను కొరడాలా విదిల్చే టిక్ ఏళ్ల తరబడి ఉంటే మెడ డిస్కులు అరిగి వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. అరుదే. కానీ జరిగితే చేతులు కాళ్లు పడిపోవచ్చు. టూరెట్ ప్రాణం తీసే జబ్బు కాదని మేమంతా ధైర్యం చెబుతుంటాం, అది నిజం కూడా. ఆ ధైర్యం చెప్పే ముందు మెడ విదిలించే ప్రతి రోగినీ చేతుల తిమ్మిరి గురించి, గుండీలు పెట్టుకోవడం గురించి, మూత్రం ఆపుకోవడం గురించి అడగాలి.

ఎంఆర్‌ఐలో మెడలోని నాలుగు, ఐదు ఎముకల మధ్య డిస్క్ ఉబ్బి వెన్నుపామును తాకుతోంది. వెన్నుపాములో రంగు మార్పు లేదు. నాగ్‌పూర్‌లో న్యూరోసర్జన్ చూసి ఇప్పుడు ఆపరేషన్ వద్దు, ముందు విదిలింపు తగ్గించండి అన్నారు. ఈలోగా తండ్రి మెడికల్ షాపులో గట్టి కాలర్ కొని వేయించాడు. రెండు రోజుల్లో కాలర్‌ను గడ్డంతో తోసే కొత్త టిక్ పుట్టింది. తీసేయించాను.

"మొత్తం పోవాలె సార్, ఒక్కటి గూడ మిగలొద్దు" అన్నది తండ్రి కోరిక. మెడ దెబ్బ ముందు ఆపుదాం, అరుపు తర్వాత, కళ్ల చికిలింపును అసలు ముట్టుకోవద్దు అన్నాను. టిక్‌లన్నీ సున్నా చేయాలని మందు పెంచుకుంటూ పోతే పిల్లవాడు మత్తుగా, లావుగా, మందకొడిగా అవుతాడు. అప్పుడు కూడా టిక్‌లు కొన్ని మిగులుతాయి. ఈ మాట ఒప్పించడానికే ఎక్కువ సమయం పట్టింది.

చేసినవి

క్లోనిడిన్‌తో మొదలుపెట్టాం. 100 మైక్రోగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసి రాత్రి ఒక ముక్క, తర్వాత మెల్లగా పెంచుతూ. ఇది బీపీ మందు. టిక్‌లకు మధ్యస్థంగా పనిచేస్తుంది, నిద్ర పట్టిస్తుంది. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. అకస్మాత్తుగా మానేస్తే బీపీ ఎగదన్నుతుంది కాబట్టి మాత్రలు అయిపోయే వారం ముందే కొనిపెట్టుకోమని నోట్‌బుక్ అట్ట మీద రాయించాను. నిద్ర దారిలో పడ్డాక అరిపిప్రజోల్ 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 5 దాకా తీసుకెళ్లాం. ఇది హాలోపెరిడాల్‌కు దూరపు చుట్టమే, ఆ సంగతి తల్లి దగ్గర దాచలేదు. మోతాదు ఎందుకు ఇంత తక్కువో, దవడ బిగిస్తే ఏం చేయాలో చెప్పాకే ఒప్పుకుంది. ఒక్కో మార్పుకూ మధ్య మూడు, నాలుగు వారాలు ఆగాం.

మెడ కోసం బల్లార్షా స్టేషన్లో రైలెక్కి హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లారు. మెడ వెనక కండరాల్లోకి బొటులినం టాక్సిన్ ఇంజెక్షన్లు వేశారు. వారం పది రోజుల్లో కండరం జోరు తగ్గుతుంది, ఆ ఫలితం మూడు నెలల వరకూ ఉంటుంది. మోతాదు ఎక్కువైతే తల వాలిపోవచ్చు, మింగడం కష్టం కావచ్చు. ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి అందరికీ చెప్పే వైద్యం కాదు. ఈ అబ్బాయికి వెన్నుపాము ప్రమాదం ఉంది కనుక చెప్పాను. విదిలింపు సంఖ్య పెద్దగా తగ్గలేదు, విసురు తగ్గింది. "తహతహ గూడ కొంచెం సల్లవడ్డది సార్" అన్నాడు. ఇది వేరే రోగులూ చెప్పే మాటే.

ఆ మూడు నెలలే మాకు దొరికిన సందు. అంతకుముందు తహతహకూ విదిలింపుకూ మధ్య క్షణం కూడా ఖాళీ లేదు, అక్కడ ఏ సాధనా పనిచేయదు. అందుకే హ్యాబిట్ రివర్సల్‌ను, అంటే టిక్ లేస్తున్నప్పుడు దానికి అడ్డుపడే పని చేసే సాధనను, మెడతో కాకుండా "హప్" అరుపుతో మొదలుపెట్టాం. గొంతులో అది లేస్తున్నట్టు తెలియగానే నోరు మూసి, ముక్కుతో నెమ్మదిగా గాలి తీసుకుని పొట్ట నుంచి వదలాలి. తహతహ దిగేదాకా, లేదా కనీసం ఒక నిమిషం. అది పట్టుబడ్డాక మెడకు వచ్చాం. గడ్డం కొద్దిగా లోపలికి లాగి, చూపు ఎదురుగా ఉంచి, మెడ కండరాలను మెత్తగా బిగించి ఉంచాలి. పక్కవాళ్లకు తెలియకూడదు. తెలిస్తే అదే ఇంకో టిక్ అవుతుంది.

ఈ పద్ధతికి అజ్రిన్, నన్ అనే మనస్తత్వవేత్తలు 1973లో పునాది వేశారు. 2010లో అమెరికాలో 126 మంది పిల్లల మీద జరిగిన పరిశీలనలో, పది వారాల్లో ఎనిమిది సెషన్లు చేసినవాళ్లలో 52.5 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు కనిపించింది. ఉత్త సలహాలూ ఓదార్పూ పొందినవాళ్లలో అది 18.5 శాతమే. మా క్లినిక్‌లో పది వారాల్లో అయ్యే పని కాలేదు. తండ్రికి షిఫ్టులు, అబ్బాయికి ట్యూషన్లు, కొన్ని సెషన్లు ఫోన్ వీడియోలో. బలవంతంగా ఆపుకుంటే తర్వాత రెట్టింపు వస్తుందన్న భయం నానమ్మకు ఉండేది. పరిశోధనల్లో అలా తేలలేదు. అయితే దినమంతా ఆపుకుని ఇంటికొచ్చిన పిల్లవాడు అలసిపోతాడు, అందుకే సాయంత్రం గంటసేపు ఇంట్లో అతని టిక్‌ల మాట ఎవరూ ఎత్తకూడదని నియమం పెట్టాం. అది మిగతా వేళలకూ పాకింది.

ఓసీడీకి సెర్ట్రలీన్ మాత్ర 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50. దాంతో పాటు రోజూ ఒక పేజీలో కావాలనే గీత వంకరగా గీసి, దిద్దకుండా పుస్తకం మూసేయడం. మొదటి రోజు ఆ పుస్తకం మీద కూర్చున్నాడట, మళ్లీ తెరవకుండా ఉండటానికి. అక్క నవ్వుతూ చెప్పింది, వాడూ నవ్వాడు.

బడికి ఉత్తరం రాశాను. కూర్చునే చోటు తలుపు దగ్గర వెనక బెంచీలో ఇవ్వాలని, అడగకుండానే బయటికి వెళ్లి రానివ్వాలని, అరుపు వచ్చినప్పుడు పాఠం ఆపకూడదని. క్లాస్ టీచర్ ఫోన్ చేసి సూటిగా అడిగారు, "నిజంగా ఆపుకోలేడా, మరి నిన్న పది నిమిషాలు ఆపాడు కదా?" రెప్పవేయకుండా మీరెంతసేపు ఉండగలరని అడిగాను. ఆ తర్వాత ఆ టీచరే క్లాసుకు విడమరిచి చెప్పారని విన్నాను.

తండ్రి ఒకరోజు మెదడు ఆపరేషన్ వీడియో చూపించాడు. మెదడు లోపల తీగలు అమర్చే చికిత్సను టూరెట్‌కు మొదట ప్రయత్నించినట్టు 1999లో ప్రచురించారు. మందులూ సాధనా అన్నీ విఫలమై, జీవితం కుదేలైన కొద్దిమందికే అది. ఈ వయసులో, తగ్గే అవకాశం ఇంకా ఉన్నప్పుడు ఆ దారి వద్దన్నాను.

ఇప్పటి స్థితి

టిక్‌ల తీవ్రతను యేల్ స్కేల్‌తో కొలుస్తాం. 50కి మొదట 38 ఉన్నది, బోర్డు పరీక్షల తర్వాత 21కి వచ్చింది. జీవితానికి అడ్డం పడే లెక్క, అదీ 50కే, 40 నుంచి 20కి దిగింది. ఇందులో ఎంత మందు వల్ల, ఎంత సాధన వల్ల, ఎంత వయసు వల్ల అన్నది విడదీయలేను. నోట్‌బుక్‌లో ఒక పెద్ద ఎగుడు పరీక్షల ముందు వారాల్లో ఉంది. అప్పుడు మందు పెంచమని ఇంటిల్లిపాదీ అడిగారు. పెంచలేదు. చేతుల తిమ్మిరి మళ్లీ రాలేదని నిర్ధారించుకుని ఆగాం, అది తనంతట దిగింది. రెండో విడత టాక్సిన్ తర్వాత మూడోది అవసరం పడలేదు. ఎంఆర్‌ఐలో డిస్క్ అలాగే ఉంది, పెరగలేదు. మెడ విదిలింపు ఇంకా ఉంది, కానీ తల కొద్దిగా ఒరిగినట్టే కనిపిస్తుంది. అరుపు చాలావరకు గొంతు సవరించుకోవడంలోకి మారింది. కళ్లు ఇప్పటికీ చికిలిస్తాడు, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

బరువు నాలుగు కిలోలు పెరిగింది, నడుము కొలత కూడా. షుగర్, కొవ్వు మామూలుగానే ఉన్నాయి. అరిపిప్రజోల్‌ను సగానికి దించడం ఈ నెల మొదలుపెట్టాం. క్లోనిడిన్, సెర్ట్రలీన్‌లను కదపడం లేదు. రెండు మందులు ఒకేసారి తగ్గిస్తే, రేపు టిక్‌లు ఎగసినప్పుడు దేన్ని తిరిగి పెంచాలో తెలియదు.